కాలేజీ సాకర్ కోచ్‌ని ఏం చూసి నమ్మాలి?

నమస్కారం. మేం నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. మా అమ్మాయి పదో తరగతి, క్లబ్ జట్టులో మిడ్‌ఫీల్డర్. ఈ జూన్ 15 నుంచి డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) కోచ్‌లు తనతో నేరుగా మాట్లాడొచ్చు. ఇంట్లో అప్పుడే టెన్షన్ మొదలైంది.

మాకు దగ్గర్లోనే చాపెల్ హిల్. అక్కడి నార్త్ కరోలినా యూనివర్సిటీలో కోచ్ ఆన్సన్ డోరెన్స్ 1979లో అమ్మాయిల జట్టును మొదలుపెట్టి, 2024లో తప్పుకునేలోపు 21 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) టైటిళ్లు గెలిపించారు. ప్రాక్టీసులో ప్రతి పోటీ ఫలితమూ రాయించి, ర్యాంకులు అందరికీ కనిపించేలా పెట్టేవారు. నాకు బాగా నచ్చింది అదే. తాను ఎక్కడ వెనకబడిందో అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన వెళ్లిన ఏడాదే ఆయన స్థానంలో వచ్చిన డేమన్ నహాస్ మళ్లీ కప్పు తెచ్చారంటే పునాది ఎంత గట్టిదో!

మా అమ్మాయి మనసు పడిన కాలేజీలో మాత్రం కోచ్ కొత్త. జట్టును మొదటి నుంచి కడుతున్నారట. క్యాంపులో చూశాం. పాస్ తప్పితే ఆవిడ అరవరు, ఆట ఆపి "బంతి రాకముందు వెనక్కి చూశావా?" అని అడుగుతారు. నాకు నమ్మకం కలిగింది. కానీ పెద్ద కాలేజీ పిలిస్తే వెళ్లిపోతారేమో?

పిల్లల్ని కాలేజీలో ఆడించినవాళ్లు, స్వయంగా ఆడినవాళ్లు దయచేసి చెప్పండి. మీరు కోచ్‌ని ఏమేం అడిగారు? జట్టు వదిలిన అమ్మాయిలు ఎందుకు వదిలారని అడిగితే తప్పుగా అనుకుంటారా? మధ్యలో కోచ్ మారితే స్కాలర్‌షిప్ సంగతేంటి?