ఖమ్మం మరణాలు: టీకా తర్వాతా, టీకా వల్లా?

వరలక్ష్మి:
మా అమ్మాయికి పన్నెండేళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయిద్దామనుకుంటుంటే మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక సందేశం పంపింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఈ టీకాతో ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారట. నిజమేనా?

సందేహి:
నిప్పు లేనిదే పొగ రాదండి. 2010 ఏప్రిల్‌లో ఆ టీకా కార్యక్రమాన్ని ప్రభుత్వమే ఆపేసింది. ఏమీ లేకపోతే ఎందుకు ఆపుతారు?

పాత కాంపౌండరు:
ఏడుగురు పోయిన మాట నిజం. అందులో ఇద్దరు గుజరాత్‌లోని వడోదర పిల్లలు, ఆ కార్యక్రమం అక్కడా నడిచింది. తిరకాసంతా ‘టీకాతో’ అన్న ముక్కలో ఉంది. ఒక పిల్ల క్వారీ గుంతలో మునిగిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరిలో ఒకరిది తీవ్ర జ్వరమనీ, ఇంకొకరిది మెదడులో రక్తస్రావమనీ అనుమానించారు. ఆ రెంటికీ టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది.

పాము కాటు ఈ జాబితాలోకి ఎలా వచ్చిందంటారా? టీకా వేసుకున్నాక ఏం జరిగినా ముందు రాసిపెడతారు, కారణం ఆ తర్వాత వెతుకుతారు. ఫిర్యాదు రాసుకున్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు కదా. ఖమ్మంలో టీకా వేసింది సుమారు 14 వేల మందికి. అంతమందిని నెలల తరబడి చూస్తే జ్వరాలూ పాములూ టీకా లేకున్నా ఉంటాయి. టీకా వేసుకోని పిల్లల్లో ఎందరు పోయారో పక్కన పెట్టి చూడనిదే ‘ఏడు’ అన్న అంకెకు అర్థం లేదు.

సందేహి:
మరి సంతకాల సంగతి? 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వాటి మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. కన్నవాళ్లకు చెప్పకుండా గిరిజన పిల్లలకు సూది వేశారు. దాన్నీ పాము మీదకు నెట్టేస్తారా?

పాత కాంపౌండరు:
నెట్టను. అది ఘోరమే. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కడిగేసింది కూడా అందుకే. కానీ వార్డెన్ సంతకంతో సీసాలోని మందు విషంగా మారదు. సంతకాల మీద పోట్లాడండి, మీ వెంట నేనూ వస్తాను. చావులను అందులో కలిపారో, అవతలివాళ్లు పామును చూపించి సంతకాల మాటా కొట్టిపారేస్తారు.

వరలక్ష్మి:
మా ఆడపడుచు పంపినదాంట్లో పాము ఊసే లేదు, వార్డెన్ల ఊసూ లేదు! టీకా వేయిస్తాను. చీటీ మాత్రం మొత్తం చదివాకే సంతకం పెడతాను.