ఆడి టీటీకి ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చాక బెడ్డింగ్ ఎలా చేయాలి? డిస్కులు కూడా మార్చక తప్పదా?

ప్రశ్న: చింతవలస నుంచి

అందరికీ నమస్కారం. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆడి టీటీ 2.0 క్వాట్రో ఉంది, 2012 మోడల్. ముందు ప్యాడ్లు అరిగాయని డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలిగింది. టార్చి వేసి చూస్తే లోపలివైపు ప్యాడ్‌లో మందం చాలా తక్కువే మిగిలింది. దీనికి తోడు, హైవే మీద వంద కిలోమీటర్ల వేగంలో వచ్చి నాతవలస టోల్‌గేటు ముందు బ్రేకు నొక్కితే పెడల్ కాలి కింద అదురుతోంది, స్టీరింగ్ కూడా సన్నగా వణుకుతోంది. విశాఖలో ఒక గ్యారేజీకి తీసుకెళితే డిస్కులు వంకరపోయాయని, నాలుగు చక్రాలకూ డిస్కులు, ప్యాడ్లు కలిపి మార్చాలని చెప్పారు. కొలత తీయకుండానే ఆ మాట అన్నారు కాబట్టి నాకు నమ్మకం కుదరలేదు. ఇక్కడ మాకు తెలిసిన మెకానిక్ ముందు ప్యాడ్లు మాత్రం వేస్తే చాలంటున్నారు. కొత్త ప్యాడ్లు వేశాక హైవే మీద గట్టిగా బ్రేకులు కొట్టి ‘సెట్’ చేయాలని (బెడ్డింగ్ అంటే ఇదే) కొందరు, నెమ్మదిగా తిప్పితే అవే సెట్ అవుతాయని మరికొందరు అంటున్నారు. ఏది సరైనది? చేయాలంటే మన చుట్టుపక్కల ఎక్కడ, ఎలా చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: కోట జంక్షన్ నుంచి

ముందు డిస్కుల సంగతి తేల్చుకోండి. మీ బండికి ముందు డిస్కులు 312 మిల్లీమీటర్ల వ్యాసంతో, కొత్తవైతే 25 మిల్లీమీటర్ల మందంతో ఉంటాయి, 22 దాకా అరిగితే మార్చి తీరాలి. వెర్నియర్‌తో కొలిస్తే డిస్కు అంచున అరగకుండా మిగిలిన గట్టు అడ్డొచ్చి మందం ఎక్కువగా చూపిస్తుంది. అందువల్ల మైక్రోమీటరుతో, చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలిపించండి. అదురు వస్తే డిస్కు వంగిపోయిందనుకోవడం మన దగ్గర అందరికీ అలవాటైపోయింది గానీ, చాలా బళ్లలో డిస్కు వంగదు. ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అంటుకుపోతుంది. మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతుల తేడాకే కాలికి అదురు తెలుస్తుంది.

రెండో కారణం హబ్ (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం) మీది తుప్పు. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో దీన్ని తేలికగా తీసుకోకూడదు. డిస్కు వెనక, హబ్ ముఖం మీద తుప్పు పెచ్చు ఒక్కటి ఇరుక్కున్నా, డిస్కు అంచుకు వచ్చేసరికి ఆ వంకర రెండింతలవుతుంది. డిస్కును పట్టి ఉంచే చిన్న స్క్రూ విప్పి, డిస్కు తీసి, హబ్ ముఖాన్ని లోహం మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్దించండి. ప్యాడ్లు మాత్రమే మార్చుతున్నాం కదా అని ఈ పని వదిలేసే వారే ఎక్కువ.

ప్యాడ్ల విషయంలో మీ మెకానిక్ స్కోడా లారా కార్ల బ్రేకులు చేసినవారైతే ఈ అమరిక ఆయనకు కొత్త కాదు. ముందు క్యాలిపర్‌కు (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) ఉండే, అది అటూ ఇటూ జరిగే రెండు గైడ్ పిన్నులను ఏడు మిల్లీమీటర్ల ఆలెన్ కీతో విప్పాలి, బిగించేటప్పుడు 30 న్యూటన్ మీటర్లు. ఈ ముందు పిన్నులను శుభ్రంగా తుడిచి పొడిగానే వేయాలి, గ్రీజు పూయకూడదు. రబ్బరు బుష్ ఉబ్బి పిన్ను ఇరుక్కుంటే లోపలి ప్యాడ్ ముందుగా అరిగిపోతుంది. మీ బండిలో లోపలి ప్యాడే ఎక్కువగా అరిగిందంటున్నారు కాబట్టి పిన్నులు చేతితో సులువుగా జరుగుతున్నాయో లేదో తప్పక చూపించండి. క్యాలిపర్‌ను బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగ్‌కు కట్టాలి. పిస్టన్‌ను వెనక్కి నెట్టే ముందు రిజర్వాయర్‌లో ఫ్లూయిడ్ ఎంత ఉందో చూడండి, పొంగి పెయింటు మీద పడితే రంగు పోతుంది. అరుగుదల తెలిపే సెన్సార్ ముందు ఎడమ చక్రానికి ఉంటుంది. దీపం వెలిగిందంటే ఆ తీగ అరిగి తెగినట్టే, కొత్తది వేయాలి.

చివరగా చక్రం బోల్టులు. టైర్ల షాపులో గాలి గన్నుతో బిగిస్తే ఒక్కో బోల్టు ఒక్కో బిగువుతో ఉంటుంది. టార్క్ రెంచితో, ఎదురెదురు బోల్టులు మార్చిమార్చి, 120 న్యూటన్ మీటర్లకు బిగించమనండి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా కొన్నిసార్లు నొక్కడం మరువవద్దు, మొదటి నొక్కుకు పెడల్ నేలదాకా పోతుంది.

సమాధానం: నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

పైన చెప్పినదంతా సరైనదే. నేను బెడ్డింగ్ గురించి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎంత మంచి ప్యాడ్లు వేసినా ఈ ఒక్క పని సరిగా చేయకపోతే ఆ అదురే మళ్లీ మొదలవుతుంది.

బెడ్డింగ్‌లో రెండు పనులు జరుగుతాయి. ప్యాడ్‌ను కట్టి ఉంచే రెసిన్ మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు అందులోంచి వాయువులు వెలువడతాయి. ఆ వాయువులు మొదటిసారే ఘాట్ రోడ్డు దిగుతుండగా వెలువడితే ప్యాడ్ పట్టు తప్పుతుంది. రెండోది, వేడి మీద ప్యాడ్ పదార్థం సన్నని పొరగా డిస్కు అంతటా సమానంగా పరుచుకుంటుంది, ఆ తరువాత ప్యాడ్ ఆ పొర మీదే పట్టు సంపాదిస్తుంది. పెనం మీద అట్టుకు నూనె సమంగా రాసినట్టు ఇది కూడా సమంగానే పరుచుకోవాలి.

ముందు ఊళ్లో కొద్ది దూరం మామూలుగా నడిపి, బ్రేకు పనిచేస్తోందని నిర్ధారించుకోండి. తరువాత ఖాళీ రోడ్డు మీద గంటకు ఎనభై, తొంభై కిలోమీటర్ల నుంచి ఇరవైకి, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) పని మొదలుపెట్టనంత బలంతో, ఒకే తీరున తగ్గించండి. వెంటనే మళ్లీ వేగం అందుకుని అదే పని చేయండి. ఎనిమిది నుంచి పది సార్లు చాలు. ఏ ఒక్కసారీ బండిని పూర్తిగా ఆపకూడదు. డిస్కు కాలుతుండగా ప్యాడ్‌ను ఒకేచోట అదిమి ఉంచితే ఆ చోటే మందంగా అచ్చు పడుతుంది, మీరు వదిలించుకోవాలనుకున్న అదురు అక్కడే పుడుతుంది. అందుకే చివరిసారి తగ్గించాక వెంటనే బండి పక్కన పెట్టకుండా, వీలైనంత తక్కువగా బ్రేకు వాడుతూ ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. చల్లారేదాకా హ్యాండ్‌బ్రేకు కూడా వేయవద్దు.

ఒక జాగ్రత్త. పాత డిస్కు మీద వేరే కంపెనీ ప్యాడ్ పొర ఉంటే, కొత్త ప్యాడ్లు వేసే ముందు డిస్కు ముఖాన్ని గార్నెట్ కాగితంతో వలయాకారంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. రెండు రకాల పదార్థాలు కలిసిన పొర ఎప్పటికీ సమంగా రాదు.

సమాధానం: రణస్థలం నుంచి

నేను ఒక విషయంలో విభేదిస్తున్నాను. రోడ్డు మీద వాడటానికి కంపెనీ ఇచ్చే మామూలు ప్యాడ్లలో చాలావాటి పై ముఖాన్ని తయారీలోనే వేడితో కాల్చి ఇస్తారు. వాటికి రేసు ప్యాడ్లకు చేసినంత తీవ్రమైన బెడ్డింగ్ అవసరం లేదు. పెట్టె మీద తయారీదారు ఇచ్చిన పద్ధతి ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే రెండు మూడు వందల కిలోమీటర్లు హఠాత్తుగా బ్రేకు కొట్టకుండా నడిపినా అవి సర్దుకుంటాయి. కాకపోతే మీ పాత డిస్కుకు ఇప్పటికే అదురు ఉంది కాబట్టి, మీ విషయంలో నాగావళి ఒడ్డు వారు చెప్పిన పద్ధతే మేలని ఒప్పుకుంటాను.

కానీ చోటు ఎంచుకోవడం ముఖ్యం. పైడిభీమవరం దగ్గర హైవే మీద చేయవద్దు. ఫార్మా కంపెనీల షిఫ్టు బస్సులు, లారీలు వేకువ నుంచే తిరుగుతాయి. తొంభై నుంచి ఇరవైకి మీరు కారణం లేకుండా తగ్గిస్తే వెనకనున్న లారీ డ్రైవరుకు ఏం తెలుస్తుంది? పల్లె రోడ్లు ఖాళీగా కనిపించినా కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. ఆదివారం తెల్లవారాక, వెలుతురు బాగా ఉన్నప్పుడు, వెనక అద్దంలో చాలా దూరం వరకు బండి లేదని చూసుకున్నాకే ప్రతిసారీ మొదలుపెట్టండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని వెనక చూడమనడం ఇంకా మంచిది. వాన పడుతుంటే వాయిదా వేయండి.

బెడ్డింగ్ కాకముందు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కకండి. ఎక్కడం సమస్య కాదు, దిగేటప్పుడే ప్యాడ్‌కు విశ్రాంతి దొరకదు. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో కూడా చూసుకోండి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పీల్చుకున్నాక అదే 155కు పడిపోతుంది. మన తీరంలో గాలి నిండా తేమే కాబట్టి రెండేళ్లకు మించి ఉంచవద్దు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. మైక్రోమీటరుతో కొలిపిస్తే ఎడమ డిస్కు 23.4, కుడి డిస్కు 23.5 మిల్లీమీటర్లు వచ్చింది. ఎడమ హబ్ మీద ఎర్రటి తుప్పు పెచ్చులు కట్టి ఉంది, కింది గైడ్ పిన్ను బిగుసుకుపోయి ఉంది. బుష్‌లు, సెన్సార్, ముందు ప్యాడ్లు మార్చి, ఫ్లూయిడ్ కూడా కొత్తది నింపించాను. బెడ్డింగ్‌లో ఆరోసారి తగ్గించేసరికి కాలిన వాసన వచ్చింది, ఆపాక చక్రం నుంచి సన్నగా పొగ కూడా కనిపించింది. అదురు చాలావరకు పోయింది గానీ, పెడల్ మీద కాలు తేలికగా పెట్టినప్పుడు ఇంకా లీలగా తెలుస్తోంది. ఇది మామూలేనా?

సమాధానం: నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

వాసన, సన్నటి పొగ రెసిన్‌వే, మొదటిసారి మామూలే. చల్లారాక డిస్కు మీద చేయి పెట్టకుండా వెలుతురులో చూడండి. ముఖమంతా ఒకే బూడిద రంగులో ఉంటే పొర బాగా పడినట్టు, మచ్చలుగా ముదురు రంగు కనిపిస్తే అక్కడ పొర మందంగా ఉన్నట్టు. బండి పూర్తిగా చల్లారాక, ఇంకో రోజు, అదే పద్ధతిలో మరోసారి చేయండి. మిగిలిన మచ్చలు చాలావరకు సమమవుతాయి. అప్పటికీ అదురు ఉంటే డయల్ గేజితో డిస్కు వంకర చూపించి, బండి మీదే డిస్కును సన్నగా తీయగల లేత్ ఉన్నచోట డిస్కు ముఖం చదును చేయించండి. 22కు పైన మీకు తగినంత లోహం ఉంది. లేత్ దొరకకపోతే ముందు డిస్కులు రెండూ జతగా మార్చండి, ఒక్కటి మాత్రం మార్చవద్దు. వెనకవాటిని కొలిచి చూడకుండా ముట్టుకోవలసిన పని లేదు. ఎప్పుడైనా మార్చితే అక్కడి పిస్టన్‌ను నేరుగా నెట్టకూడదని, తిప్పుతూ లోపలికి పంపే సాధనం కావాలని మీ మెకానిక్‌కు ముందే చెప్పండి.