అమ్మ నడుముకి కుదుపు తగలకూడదు: టైర్లలో గాలి తగ్గించాలా, సస్పెన్షన్ బాగుచేయించాలా?

లంకబాట

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లె. కాలవ గట్టు మీద 7 కిలోమీటర్లు వస్తేగానీ పెద్ద రోడ్డు ఎక్కలేం. మా అమ్మకి 72 ఏళ్లు. నడుం పూసలు అరిగాయన్నారు. నెలకి రెండుసార్లు కాకినాడ ఆస్పత్రిలో చూపించడానికి తీసుకెళ్తున్నాను. అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా 216 జాతీయ రహదారి పట్టుకుని పోతాం. పెద్ద రోడ్డు మీద ఫరవాలేదు. ఆ గట్టు దాటేసరికే ఆవిడ పళ్లు బిగబట్టి కూర్చుంటుంది. వెనక సీట్లో రెండు దిళ్లు వేశాను, ఏం లాభం లేకపోయింది.

కారు చిన్నదే, 2016 మోడలు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. డ్రైవరు తలుపు పక్కన అతికించిన చీటీలో టైరు గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ అని ఉంది. మా ఊళ్లో ఒకరేమో 26కి దింపేయ్, పరుపులా పోతుందంటారు. ఇంకొకరు గాలి జోలికి వెళ్లకు, షాకబ్జర్లు మార్చమంటారు. ఏది ముందు చెయ్యాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వశిష్ఠతీరం

గాలి తగ్గించండి. 26 మరీ తక్కువ, 28 పెట్టండి. పదకొండేళ్లుగా పి.గన్నవరం నుంచి లంక ఊళ్లకి తిరుగుతున్నాను, ఆ రోడ్ల మీద నా కారులో ఎప్పుడూ 28 దాటనివ్వను. రోడ్డుకి ముందు తగిలేది టైరే కదండి. అది గట్టిగా ఉంటే రాయి తగిలిన దెబ్బ తిన్నగా మనిషికే వస్తుంది. మన రోడ్ల సంగతి మీకు తెలిసిందే. పొలం బురదలో తిరిగే ఇనప దమ్ము చక్రాలు తియ్యకుండా ట్రాక్టర్లు రోడ్డెక్కితే తారు మీద వరసగా నెర్రెలు పడతాయి. వాటి మీద 33తో పోతే బండి తడతడలాడిపోతుంది. పైసా ఖర్చు లేని పని, ముందు ఇది చేసి చూడండి. షాకబ్జర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

భీమవరం రూటు

లంకబాట గారూ, దయచేసి ఆ పని చెయ్యొద్దు. నేను బాడుగ కారు నడుపుతాను. ఒకప్పుడు నేనూ అదే మాట నమ్మి 26 పెట్టుకుని తిరిగాను. నిజమే, గతుకుల్లో మెత్తగానే పోయింది. ఎండాకాలం పెళ్లివాళ్లు ఆరుగురిని, సామాన్లనీ ఎక్కించుకుని 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే సిద్ధాంతం వంతెన దాటాక బండి ఓ పక్కకి లాగడం మొదలెట్టింది. ఆపి చూస్తే వెనక టైరు పక్కగోడ కోడిగుడ్డంత ఉబ్బింది. చెయ్యి పెట్టలేనంత వేడి. ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నన్ను నమ్మి ఎక్కిన మనుషులండి వాళ్లు.

గాలి తక్కువైతే టైరు పక్కగోడ తిరిగిన ప్రతి చుట్టుకీ మడతపడి లేస్తుంది. వేడి అక్కడే పుడుతుంది. బరువు, వేగం, ఎండ మూడూ కలిస్తే టైరు లోపలి అల్లిక విడిపోతుంది. పైగా రెండు అంచులూ ముందే అరిగిపోతాయి, నడుమ గాళ్లు కొత్తవిలా మిగిలిపోతాయి. ఇంధనం ఎక్కువ తాగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది.

పాత కమాను

రావులపాలెం దగ్గర 25 ఏళ్లుగా కార్ల కింద పడుకుని పనిచేస్తున్నాను. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ లంకబాట గారి మొదటి పని ఈ రెండూ కాదు. తెల్లారకుండా, బండి కదలకముందు గేజి పెట్టి అసలు ఇప్పుడు టైర్లలో గాలి ఎంతుందో చూడండి. నా దగ్గరికి కుదుపు అని వచ్చే బళ్లలో చాలావాటికి 38, 40, ఒక్కోసారి 44 కూడా ఉంటుంది. పంక్చరు షాపులో గేజి సరిగ్గా ఉండదు, కొట్టే కుర్రాడు నాలుగు ఎక్కువ కొట్టినా మంచిదేననుకుంటాడు. టైరు మీద అచ్చేసిన అంకె చూసి అదే కొట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అది టైరు తట్టుకోగల గరిష్ఠం. మీ కారుకి ఎంత కావాలో ఆ చీటీలోనే ఉంటుంది. కొన్ని కార్లకి ఆ చీటీలో రెండు అంకెలుంటాయి: ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒకటి, బండి నిండితే ఒకటి. రెండూ చదవండి.

కొలిచేది చల్లగా ఉన్నప్పుడే. అంటే మూడు గంటలైనా ఆగి ఉన్న బండికి. పది డిగ్రీల వేడి పెరిగితే గాలి దాదాపు 2 పాయింట్లు పెరుగుతుంది. పుష్యమాసం పొద్దున కొట్టించిన గాలి రోహిణి కార్తెలో అంతే ఉండదు. పరుగెత్తి వేడెక్కిన టైరు 37 చూపించిందని గాలి తీసేస్తే తెల్లారేసరికి అది తక్కువైపోతుంది.

ఇక సస్పెన్షన్, అంటే చక్రాలకీ బండికీ మధ్య ఉండే స్ప్రింగులు, షాకబ్జర్లు, బుష్షులు. 78 వేలు తిరిగిందన్నారు. ఆ గట్టు మీద తిరిగిన 78 వేలు ఊరికే పోవండి. ఇవి చూసుకోండి. షాకబ్జరు ఒంటి మీద నూనె చెమ్మ, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి జిడ్డు ఉంటే అది అయిపోయినట్టే. బానెట్టు ఓ మూల గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జరు చచ్చిందని అర్థం. ఊగకపోయినంత మాత్రాన బాగుందని మాత్రం అనుకోకండి, సగం అరిగింది ఆ పరీక్షకి దొరకదు. చిన్న గతుకులో టకటక మోగితే సస్పెన్షన్‌లోని లింకు రాడ్లు అరిగినట్టు. బ్రేకు తొక్కినప్పుడు డక్కుమంటే, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్ము బుష్షులు. స్టీరింగు తిప్పినప్పుడు పైన కరకరమంటే స్ట్రట్ మౌంటు, అంటే ముందు షాకబ్జరు పైకొనని బండికి బిగించే భాగం. బుష్షు అంటే రబ్బరు ముక్కే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ రబ్బరు పగిలిపోతే ఇనుముకి ఇనుము తగులుతుంది, ఆ అదురు నేరుగా సీటుకి ఎక్కుతుంది. సముద్రం దగ్గర, ఓడలరేవు, అంతర్వేది వైపు తిరిగే బళ్లకి ఉప్పుగాలికి స్ప్రింగు కూర్చునే గిన్నెలు తుప్పు పట్టడం కూడా చూశాను.

షాకబ్జరు మార్చాలంటే కుడిఎడమలు జతగా మార్చండి. ఒక్కటే మారిస్తే బండి ఒక పక్కకి బిర్రుగా, ఇంకో పక్కకి వదులుగా ఉంటుంది.

ఇంకొక మాట. అమ్మగారిని వెనక కూర్చోబెట్టకండి. వెనక సీటు సరిగ్గా వెనక ఇరుసు మీదికి వస్తుంది, దెబ్బంతా అక్కడే. ముందు సీటు రెండు ఇరుసుల మధ్యన ఉంటుంది. సీటు కొంచెం వెనక్కి జరిపి, నడుం వంపులో చుట్టిన తువ్వాలు పెట్టండి. దిళ్లు వేస్తే మనిషి వాటి మీద ఎగిరిపడుతుంది.

మాస్టారు

భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అంకెలు పెట్టుకుని చూస్తే ఈ వాదన సగం తేలుతుంది.

చిన్న కారుకి ఒక్కో ముందు చక్రం మీద 250 నుంచి 300 కిలోలు పడుతుంది. స్ప్రింగుని ఒక సెంటీమీటరు నొక్కాలంటే ఇంచుమించు 20 కిలోల బరువు చాలు. గాలి నిండిన టైరుని అంతే నొక్కడానికి 200 కిలోల దాకా కావాలి. టైరు స్ప్రింగు కన్నా పదింతలు బిర్రన్నమాట. ఇప్పుడు 33 నుంచి 28కి దించారనుకుందాం. టైరు బిర్రుదనం మహా అయితే ఏడో వంతు తగ్గుతుంది. టైరూ స్ప్రింగూ ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి గనక, రెండూ కలిపి చూస్తే తేడా నూటికి రెండు పాళ్లు కూడా రాదు. కాబట్టి గట్టు మీద అలలాగా ఎత్తుపల్లాలున్న చోట గాలి తగ్గించినా ఊపు తగ్గదు. అక్కడ కారు సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు పైకీ కిందకీ ఊగుతుంది. ఆ ఊపుని మింగేది షాకబ్జరులోని నూనె ఒక్కటే.

పదునైన అంచు మాటేమిటి? తారు తెగిన చోటు, దమ్ము చక్రాల గాట్లు, పైపు వేసి సరిగా పూడ్చని గాడి. అక్కడ చక్రం సెకనుకి 10, 15 సార్లు అదురుతుంది. అంత వేగంగా నొక్కితే షాకబ్జరులో నూనె సన్నని రంధ్రాల్లోంచి దూరలేక బిగదీసుకుంటుంది. అప్పుడు ఆదుకునేది టైరులో గాలి. కాబట్టి వశిష్ఠతీరం గారు అన్న తడతడ నిజమే, ఆయన చెప్పిన మందు కూడా ఆ జబ్బు వరకు పనిచేస్తుంది.

మన గట్లు అలలు తిరగడానికి కారణం కూడా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలవల గట్లే చాలా ఊళ్లకి రోడ్లయ్యాయి. మన నల్లమట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కాలవలకి నీళ్లు ఆపేశాక ఎండి బీటలిస్తుంది. ఏటా ఉబ్బి కుంగే నేల మీద ఎంత మంచి తారు పోసినా కొన్నాళ్లకి అల తిరగక మానదు.

కూర్చున్న మనిషి వెన్నుకి సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కుదుపు అన్నిటికన్నా ఎక్కువ బాధ పెడుతుంది. ఈ రెండు రకాలకీ మధ్యన ఉంటుందది. అరిగిన బుష్షులు, చచ్చిన షాకబ్జర్లు ఉన్న కారులో దాన్ని ఆపేదేమీ ఉండదు.

వశిష్ఠతీరం

మాస్టారూ, వివరంగా చెప్పారు, ఒప్పుకుంటున్నాను. కానీ నా మాట పూర్తిగా వదులుకోను. ఆ చీటీలో అంకె పెద్ద రోడ్డు వేగాన్నీ, మైలేజీనీ కూడా లెక్కలో పెట్టుకుని వేసింది. గట్టు మీద 20, 25 వేగంతో, ఇద్దరే మనుషులతో పోయే బండికి 28 పెడితే టైరు ఎక్కడ వేడెక్కుతుంది? కారు చార్జింగు పాయింటుకి తగిలించే చిన్న గాలి పంపు నా డిక్కీలో ఉంటుంది. పెద్ద రోడ్డెక్కే ముందు ఆపి 33 చేసుకుంటాను. పది, పదిహేను నిమిషాల పని. అమ్మకోసం పదిహేను నిమిషాలు ఎక్కువా?

భీమవరం రూటు

మీరు ఆపి కొట్టుకుంటారు, నమ్ముతాను. ఆస్పత్రికి టైమైపోతోందని పరుగెత్తేవాడు మర్చిపోతాడండి. నా భయం అదొక్కటే. వర్షాకాలంలో ఎదుర్లంక వైపు రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి. గాలి ఎంత తగ్గితే టైరు అంత తక్కువ వేగానికే నీటి మీద తేలుతుంది. 1960లలో నాసా వాళ్లు విమానం టైర్ల మీద తేల్చిన సూత్రం ఉంది. దాని ప్రకారం 33 దగ్గర గంటకి 95 కిలోమీటర్లకి తేలేది 25 దగ్గర 83కే తేలుతుంది. కారు టైరుకి అంకెలు మారొచ్చు, పోకడ మాత్రం అదే. తేలిందంటే స్టీరింగూ బ్రేకూ రెండూ మన మాట వినవు.

గట్టు మీద కూడా నెమ్మదిగా పోతే చాలదు. గుంట అంచు పదునుగా ఉంటే మెత్తటి టైరు రిమ్ముకీ అంచుకీ మధ్య నలిగి పక్కగోడ తెగుతుంది. పక్కగోడ తెగితే పంక్చరు అంటించే వీలు కూడా ఉండదు. అమ్మగారిని గట్టు మీద కూర్చోబెట్టి స్టెప్నీ మార్చుకుంటారా?

కడియం నర్సరీ

నైట్రోజను కొట్టిస్తే మెత్తగా ఉంటుందంటారు, నిజమేనా? పెద్ద అల్లాయ్ చక్రాలు వేస్తే?

పాత కమాను

మామూలు గాలిలోనే 78 పాళ్లు నైట్రోజను ఉంది. కొట్టించుకుంటే నష్టం లేదు, మెత్తదనం మాత్రం దానివల్ల రాదు. పెద్ద చక్రాలైతే అసలొద్దు. 165/80 అంటే 165 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి 80 పాళ్లు పక్కగోడ, అంటే 132 మిల్లీమీటర్లు. అలాగే 195/55కి 107. ఆ తగ్గిన ఎత్తంతా మీ నడుముకి తగలకుండా కాచే గాలే.

లంకబాట

మూడు వారాలైంది, చెప్పడం ఆలస్యమైంది, మన్నించండి.

పాత కమాను గారు చెప్పినట్టు గేజి కొనుక్కుని తెల్లవారుజామున చూశాను. ముందు రెండింటిలో 41, 40. వెనక 38, 39. నేను ప్రతిసారీ 33 కొట్టమనే చెప్పాను, షాపు గేజి చూసే డబ్బులిచ్చాను. చాలా బాధనిపించింది. ఇన్ని నెలలు ఆవిడ ఓర్చుకున్న నొప్పిలో సగం ఆ గాలిదే అయ్యుండొచ్చు. ఆ రోజే నాలుగింటికీ 33 చేశాను. తారు తెగిన చోట్ల వచ్చే ఠక్కు దెబ్బ బాగా తగ్గింది. అమ్మ కూడా ఆ మాటే అంది. కానీ తూము దగ్గర ఎత్తు దిగాక బండి పడవలా ఊగడం అలాగే ఉంది.

తర్వాత కిందికి దూరి చూస్తే వెనక ఎడమ షాకబ్జరు మీద నల్లటి జిడ్డు. జత మార్పించాను. ముందు లింకు రాడ్లు, లోయర్ ఆర్ము బుష్షులు కూడా వేయించి అలైన్‌మెంటు చేయించాను. ఇప్పుడు తూము దిగితే ఒక్కసారి వంగి లేచి నిలబడుతోంది. అమ్మ ముందు సీట్లో కూర్చుంటోంది. మొన్న కాకినాడ నుంచి వస్తూ యానాం దాటాక నిద్రపోయింది. ఈ ఏడాదిలో కారులో ఆవిడ నిద్రపోవడం నేను చూడలేదండి.

అయినా గట్టు మొదట్లో దమ్ము చక్రాల గాట్లున్న ఒక కిలోమీటరు దగ్గర ఇంకా తలుపు పిడి పట్టుకుంటోంది.

వశిష్ఠతీరం

ఆ కిలోమీటరుకే నేను చెప్పేది. షాకబ్జర్లు కొత్తవయ్యాయి, సంతోషం. ఇప్పుడు 30 పెట్టి చూడండి, అంతకన్నా దిగొద్దు. మీరిద్దరే ఉన్నప్పుడు మాత్రమే.

భీమవరం రూటు

ఆ ఒక్క కిలోమీటరూ పదిహేను వేగంతో పోతే 33తోనే సరిపోతుంది. వేగం తగ్గించడానికి కూడా పైసా ఖర్చు లేదు కదండి.

మాస్టారు

రెండూ చేసి చూడండి. ఒక పూట 33, ఇంకో పూట 30. వేగం మాత్రం రెండుసార్లూ ఒకటే ఉండాలి. ఏ రోజు ఎంత పెట్టారో అమ్మగారికి చెప్పకండి. చెబితే కొడుకు కష్టపడ్డాడని ఆవిడ బాగుందనే అంటారు.

లంకబాట

సరే మాస్టారూ. పంపు కొన్నాను. గట్టు మీద మాత్రమే 30, అంబాజీపేట రోడ్డెక్కే ముందు ఆగి 33 చేస్తాను. భీమవరం రూటు గారూ, మర్చిపోకుండా స్టీరింగు మీద కాగితం అంటించుకున్నాను. శుక్రవారం 33తో వెళ్తున్నాం, ఆ పై శుక్రవారం 30. అమ్మ తలుపు పిడి ఎన్నిసార్లు పట్టుకుందో లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.