తొమ్మిది ఇక్కడ, పది కాలిఫోర్నియాలో: ఆల్జీబ్రా మళ్లీ చదవాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి): మా అబ్బాయి స్టేట్ సిలబస్‌లో తొమ్మిది పూర్తి చేశాడు. ఆగస్టులో మావారి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్తున్నాం. అక్కడ ఆల్జీబ్రా 1 (బీజగణితం మొదటి కోర్సు) లేకపోతే హైస్కూల్ డిప్లొమా రాదంటున్నారు. లెక్కల్లో 91 తెచ్చుకున్నవాణ్ని మళ్లీ మొదటి నుంచి కూర్చోబెడతారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రూల్ నిజమేనండి. హైస్కూల్లో రెండేళ్ల మ్యాథ్స్ చదవాలి, ఆల్జీబ్రా 1 స్థాయి తప్పనిసరి. బాబు ఇక్కడ చదివింది ఎంతవరకు ఒప్పుకుంటారో అక్కడి స్కూల్ వాళ్లే చూస్తారు. ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో ‘గణితం’ అని మాత్రమే ఉంటుంది, దాంతో వాళ్లకేం తెలుస్తుంది? ఇంగ్లిష్ మీడియం పుస్తకంలోని విషయసూచిక కూడా పట్టుకెళ్లండి.

జవాబు: అక్కా, నాకు అసలు భయం వర్గ సమీకరణాల గురించి. మన తొమ్మిదిలో బహుపదులు, రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు అయిపోతాయి. వర్గ సమీకరణాలు పదిలో వస్తాయి. అక్కడ మామూలుగా ఆల్జీబ్రా 1లోనే ఉంటాయి. కోఠిలో పదో తరగతి పుస్తకం కొని, ఆ ఒక్క చాప్టర్ బయల్దేరేలోపు గట్టిగా చేయించండి. ఏ కోర్సులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టినా ధైర్యంగా రాస్తాడు.

జవాబు: తర్వాత యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో) చేర్పించే ఆలోచన ఉంటే హైస్కూల్లో మూడేళ్ల మ్యాథ్స్ కావాలండి, ఆల్జీబ్రా 2 దాకా.

ప్రశ్న అడిగినావిడ: అందరికీ థాంక్స్. ఆదివారమే కోఠి వెళ్తాం.