సమస్య: తలుపు లేని గోడ దారి యిచ్చె

నిర్వాహకుడు: పక్కన పెట్టిన కంప్యూటరుకు నాలుగు పోర్టుల నెట్‌వర్కు కార్డు తగిలించి, దానినే స్విచ్చుగా (తీగలతో కంప్యూటర్లను కలిపే పెట్టెగా), ఫైర్‌వాలుగా (రాకపోకలను వడపోసే కావలిగా) మలచుకోవడం మీద కొందరు సభ్యులు మనసు పడ్డారు కనుక ఈ పాదం ఇస్తున్నాను. పూరణ ఆ పెట్టె చుట్టూనే తిరగాలి.

ఛందోమిత్ర:
లోన నున్న వారు లోకమున్ బిలువగా
పిలుపు గురుతు లెల్ల పెట్టె దాచె
బదులు వచ్చినపుడు పట్టికన్ సరిచూచి
తలుపు లేని గోడ దారి యిచ్చె

తీగలపంతులు: మిత్ర గారూ, బయటివారు తమంతట తాము రావడానికి ఒక్క ద్వారం కూడా తెరవకుండానే లోపలివారు అడిగిన జవాబు లోపలికి చేరడంలోని మర్మమంతా ‘పట్టికన్ సరిచూచి’లో ఇమిడింది, కనెక్షన్ ట్రాకింగు (ఎవరు ఎవరిని పిలిచారో గుర్తుంచుకోవడం) చేసే పని అచ్చంగా అదే. అయితే ‘పిలువగా’ ద్రుతప్రకృతికం (చివర నకారం చేరే పదం) కనుక రెండో పాదం ‘బిలుపు’ అని మొదలు కావాలి. యతికి ఇబ్బంది లేదు. ఐపీ చిరునామా లేకుండా రెండు తీగల మధ్య వంతెనలా నిలిచి వడపోసే బ్రిడ్జి ఫైర్‌వాలు మీద నా పూరణ:

ఊరు పేరు లేక యుండియున్ వంతెనై
తీగ రెంటి నడుమఁ దిష్ఠ వేసి
చొప్పు తెలియనీక చూపుతో వడపోసి
తలుపు లేని గోడ దారి యిచ్చె

ఛందోమిత్ర: పంతులుగారూ, ఊరూ పేరూ లేని కావలిని నిలబెట్టిన ఊహ చాలా బాగుంది, కాని మూడో పాదం దగ్గర ఆగాలి. లినక్సులో బ్రిడ్జి మీదుగా పోయే ఫ్రేములు (తీగ మీద నడిచే డేటా మూటలు) మామూలుగా ఐపీ నియమాల కంట పడవు. లినక్సులో వడపోత నియమాలు రాసే ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో బ్రిడ్జి కుటుంబం కింద విడిగా నియమాలు రాయాలి, అక్కడ కనెక్షన్ ట్రాకింగు 2019 నాటి 5.3 కెర్నెల్ (లినక్సు మూలభాగం) నుంచే ఉంది. పోయినసారి పాత పెట్టె స్విచ్చును మించుతుందని మీరు పూరించినప్పుడూ ఇలాగే అడ్డుపడ్డాను. గిగాబిట్ తీగ మీద 64 బైట్ల ఫ్రేములు సెకనుకు 14,88,095 దాకా రాగలవు. స్విచ్చులోని చిప్పు వాటిని తానే దాటిస్తుంది, మన పెట్టెలో మాత్రం ప్రతి ఫ్రేమూ ప్రాసెసరు చేతి మీదుగానే పోవాలి.

తీగలపంతులు: నిండు (1518 బైట్ల) ఫ్రేములైతే ఆ లెక్క 81,274కు దిగుతుంది, దాన్ని పాత ప్రాసెసరు కూడా మోయగలదు. అసలు చిక్కు బస్సులో, అంటే కార్డుకూ ప్రాసెసరుకూ నడుమ ఉన్న దారిలో ఉంది: పాత పెట్టెల్లోని 32 బిట్ల, 33 మెగాహెర్ట్జ్‌ల పీసీఐ బస్సు సెకనుకు 133 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది కనుక రెండు దిక్కులా నిండిన ఒక్క గిగాబిట్ పోర్టుకే అది చాలదు. నేను అంతకన్నా వేగమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డును తలచుకునే పోయినసారి పద్యం రాశాను.

నిర్వాహకుడు: ‘యుండియున్’ దగ్గర స్వరయతి చెల్లింది, పంతులుగారి సవరణా సమంజసమే. మిత్ర గారి పూరణను ముందు ఉంచుతున్నాను. గోడ ఎవరికి, ఎందుకు దారి ఇచ్చిందో ఆ పద్యంలోనే తెలుస్తోంది.