సిలికాన్ క్యాథెటర్ లోపలివైపు పూత సమంగా పట్టాలంటే ఏం చేయాలి?

బెంగళూరులో క్యాథెటర్ పూతల మీద పనిచేసేవాళ్లెవరైనా ఉంటే కాస్త దారి చూపండి.

మాది 14 ఫ్రెంచ్ సైజు సిలికాన్ ఫోలీ (కొసన బెలూన్‌తో మూత్రాశయంలో నిలిచే మూత్రపు గొట్టం), అంటే బయటి వ్యాసం సుమారు 4.7 మి.మీ. ముందు, పై పొర పట్టుకోవడానికి పాలీడోపమైన్ పూత: మిల్లీలీటరుకు 2 మి.గ్రా. డోపమైన్, 10 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్, పీహెచ్ 8.5, రాత్రంతా నానబెట్టడం. దాని మీద, బ్యాక్టీరియా అంటుకోకుండా సల్ఫోబీటైన్ పాలిమర్. బయట గోధుమరంగు చక్కగా దిగుతోంది. లోపల మాత్రం రెండు కొసల దగ్గరే ముదురు, నడుమ వెలవెలబోతోంది. గొట్టంలో నిలిచిపోయిన ద్రావణానికి ఆక్సిజన్ చాలక డోపమైన్ గట్టిపడట్లేదని మా అనుమానం. గాలి పట్టించిన ద్రావణాన్ని పెరిస్టాల్టిక్ పంపుతో తిప్పితే సరిపోతుందా? నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు? అతిగా గాలి పట్టిస్తే నలకలు కట్టి కొస రంధ్రాల్లో ఇరుక్కుంటాయేమో.

ఇంకోటి, బెలూన్‌లో 10 మి.లీ. నీళ్లు ఎక్కించగానే పైపూత బీటలిస్తోంది. కాస్త ఉబ్బించి ఉంచి పూత వేసినవాళ్లున్నారా?

బ్యాక్టీరియాను చంపడానికి దయచేసి "వెండి కలపండి" అనకండి. ఈ-కోలై మీద మంచి అంకెలు చూపించడం తేలికే. ప్రోటియస్ మిరాబిలిస్ అనే బ్యాక్టీరియా దగ్గర అసలు సంగతి తేలుతుంది. దాని యూరియేజ్ ఎంజైమ్ మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విరిచి పీహెచ్ పెంచేస్తుంది. స్ట్రువైట్, ఎపటైట్ స్ఫటికాలు పేరుకుంటాయి. ఆ పొర కింద వెండి ఉన్నా పైనున్న బ్యాక్టీరియాకు అందదు.

పీణ్య వైపు పది, ఇరవై గొట్టాలకైనా ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతో స్టెరిలైజేషన్ చేసిపెట్టే చోటు తెలిస్తే అదీ చెప్పండి.