పిల్లాడు సోల్డరింగ్ నేర్చుకోవడానికి లెడ్ వైరా, లెడ్ ఫ్రీయా?

సరూర్‌నగర్ అమ్మ:
మావాడు తొమ్మిదో తరగతి. ఎల్‌ఈడీలు మిణుకుమిణుకుమనే చిన్న కిట్ ఒకటి తెచ్చుకుని, సోల్డరింగ్, అంటే వైరు కరిగించి పార్టులు బోర్డుకి అతికించడం, నేర్చుకుంటానని పట్టుబట్టాడు. కోఠి గుజరాతీ గల్లీలో షాపాయన 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 లెడ్ (సీసం) వైరు చేతిలో పెట్టి "అందరూ ఇదే వాడతారమ్మా" అన్నాడు. మా ఆడపడుచు ఈ సంగతి విని "అందులో నలభై శాతం సీసమే వదినా, యూరప్‌లో నిషేధం, తిరిగి ఇచ్చేసెయ్" అంది. ప్యాకెట్ ఇంకా విప్పలేదు. ఏం చేయమంటారు?

కోఠి మెకానిక్:
విప్పండమ్మా, మొదలుపెట్టించండి. పిక్చర్ ట్యూబ్ టీవీల కాలం నుంచి నేను ఈ వైరుతోనే బతుకుతున్నా. 60/40 వైరు 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 కల్లా పూర్తిగా కరిగిపోతుంది. లెడ్ ఫ్రీలో వెండి కలవని, చవకైన టిన్-కాపర్ రకానికి 227 కావాలి. చెప్పుకోవడానికి ముప్పై నలభై డిగ్రీలే. కానీ 25 వాట్ల ఐరన్ పట్టుకున్న పిల్లాడికి అదే కొండంత. ప్యాడ్ వేడెక్కదు, వైరు ముద్దలా ఐరన్ కొసకి, అదే బిట్‌కి, అంటుకుంటుంది. వాడు ఇంకాస్త నొక్కుతాడు, రాగి ప్యాడ్ కాస్తా బోర్డు మీంచి లేచొస్తుంది. ఇంక కిట్ అటకెక్కినట్టే.

ఇంకో మాట. లెడ్ వైరుతో జాయింట్ కుదిరితే తళతళలాడుతుంది. మసకగా, గుండుగా ఉందంటే డ్రై సోల్డర్, అంటే సరిగా అతకలేదని అనుమానించాలి. లెడ్ ఫ్రీలో మంచి జాయింట్ కూడా మసకగానే కనిపిస్తుంది. ఏది తప్పో కంటికి ఆనకపోతే కొత్తవాడు దిద్దుకునేదెట్లా?

కెమిస్ట్రీ మాస్టారు:
మెకానిక్ గారి లెక్కలు సరైనవే. "ఈ వైరుతోనే బతుకుతున్నా" అన్నదే నాకు నచ్చలేదు. మన దేశంలో 2000 దాకా పెట్రోల్‌లో సీసం ఉండేది. అందరం పీల్చాం, అందరం బతికే ఉన్నాం. రక్తంలో ఇంతవరకు సీసం ఉంటే ఫర్వాలేదు అని చెప్పగల స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. ఎదిగే మెదడుకి అది మరీ చేటు. స్కూలు పిల్లాడి చేతికి నేనైతే ఇవ్వను.

ఆడపడుచు గారి మాటకి మాత్రం చిన్న సవరణ. 2006 జులైలో అమలైన యూరప్ ఆర్‌ఓహెచ్‌ఎస్ నిబంధన, మార్కెట్లో అమ్మే పరికరాల్లో సీసం లాంటి వాటికి పరిమితి పెట్టేది. మన ఈ-వేస్ట్ నిబంధనలు కూడా 2014 నుంచి అలాంటి పరిమితే పెట్టాయి. ఇంట్లో కిట్ చేసుకునే పిల్లాడి మీద కేసు పెట్టరు లెండి.

చిప్ తమ్ముడు:
మాస్టారూ, ఆ నిబంధనలు వచ్చింది ముఖ్యంగా పారేసిన బోర్డుల్లోని సీసం మట్టిలోకి, నీళ్లలోకి దిగుతుందని. పొగ గురించి కూడా చాలామందికి అనవసరపు టెన్షన్. సీసం మరిగేది 1,749 డిగ్రీల దగ్గర. మన ఐరన్ ఎంత కాలినా నాలుగొందల చిల్లర. పైకి లేచే ఆ తెల్లటి పొగ వైరు లోపలున్న రోజిన్ ఫ్లక్స్‌ది, అంటే సోల్డర్ బాగా అతుక్కోవడానికి పెట్టే జిగురుది. అది లెడ్ ఫ్రీలోనూ ఉంటుంది, వేడి ఎక్కువ పెట్టాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువే వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు జాగ్రత్తపడాల్సింది దానితోనే. మొహం బోర్డు మీదికి వంచకుండా, పొగని పక్కకి లాగేలా పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెడితే సరి.

కెమిస్ట్రీ మాస్టారు:
పొగ సంగతి ఒప్పుకున్నా. నా భయం వేళ్ల గురించి. వైరుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు తోస్తే వేలికొసల మీద బూడిదరంగు మరక పడుతుంది, చూసే ఉంటారు. మనం స్పూన్‌తో తినేవాళ్లం కాదు. ఆ వేళ్లతోనే పప్పన్నం కలుపుతాం. పని మధ్యలో మిక్చర్ పొట్లం సరేసరి.

కోఠి మెకానిక్:
సబ్బు దేనికుంది మాస్టారూ? కడుక్కుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా!

మల్కాజిగిరి టెస్టర్:
నేను బోర్డులు టెస్ట్ చేసే లైన్‌లో పనిచేస్తాను. అమ్మా, ఇంతసేపటికీ ఒక్కరూ అడగలేదు. పిల్లాడు కూర్చునేది ఎక్కడ? ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా?

సరూర్‌నగర్ అమ్మ:
మాది ఉమ్మడి కుటుంబం. మా తోటికోడలి పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది, దొరికినవన్నీ నోట్లోనే. వాడు కూర్చుంటానంటున్నది డైనింగ్ టేబుల్ దగ్గర. వేరే జాగా లేదు.

మల్కాజిగిరి టెస్టర్:
అయితే నా ఓటు లెడ్ ఫ్రీకే. చేతులు కడుక్కోమంటే మీవాడు వింటాడు, పాకే పాపకి ఎవరు చెబుతారు? బిట్ దులిపినప్పుడు ఆవగింజంత గుండ్లు టేబుల్ మీంచి దొర్లి ఎటో పోతాయి. తప్పు జాయింట్ విప్పడానికి డీసోల్డరింగ్ పంపు వాడతారు కదా, దాన్ని మళ్లీ నొక్కినప్పుడల్లా ముక్కులోంచి సన్నటి పొట్టు రాలుతుంది. చీపురుతో ఊడిస్తే అది ఇల్లంతా చేరుతుంది. ఏ వైరైనా సరే, కింద పాత ట్రే పెట్టించండి, తర్వాత తడిగుడ్డతో తుడవండి.

మెకానిక్ గారు చెప్పిన కష్టం నిజమే, కానీ అందులో సగం ఐరన్‌ది. ఆ 25 వాట్లది మార్చి, వేడి తిప్పుకునే డయల్ ఉన్న 60 వాట్లది తీసుకోండి, 360 దగ్గర పెట్టించండి. సూది బిట్ వద్దు, ఉలి ఆకారంలో ఉండేది అడగండి, వేడి బాగా దిగుతుంది. బిట్‌ని ప్యాడ్‌కీ కాంపొనెంట్ కాలికీ ఒకేసారి ఆనించి, ఒక్క క్షణం ఆగి, ఎదురువైపు నుంచి వైరు కాలికి తాకించాలి. బిట్‌కి కాదు. కాలి చుట్టూ పాకి అంచులు ప్యాడ్ మీద పల్చగా పరుచుకుంటే కుదిరినట్టే, మసకగా ఉన్నా ఫర్వాలేదు. చూడాల్సింది మెరుపు కాదు, ఆకారం.

చిప్ తమ్ముడు:
రాయదుర్గంలో ప్రభుత్వ ప్రోటోటైపింగ్ కేంద్రం ఉంది కదా, టీ-వర్క్స్, అక్కడ కనుక్కుంటే? నేర్పేవాళ్లుంటే ఇంట్లో ఈ గొడవే ఉండదు.

కోఠి మెకానిక్:
సరూర్‌నగర్ నుంచి రాయదుర్గమా? రెండు మెట్రోలు మారి వెళ్లేసరికి పిల్లాడి హుషారు చల్లారిపోతుంది. నన్నడిగితే మార్చాల్సింది వైరు కాదు, చోటు. మేడ మీద మెట్ల గదిలో కూర్చోమనండి. బిట్ నల్లబడితే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, రాగి బయటపడ్డాక వైరు పట్టిస్తే ఇత్తడి గిన్నెకి కళాయి వేసినట్టు అవుతుంది.

చిప్ తమ్ముడు:
అన్నా, ఆకురాయి పాత రాగి బిట్‌లకి. ఇప్పటి బిట్‌ల మీద పల్చటి ఇనుప పూత ఉంటుంది. అది రుద్దేస్తే లోపలి రాగిని సోల్డరే తినేస్తుంది, కొన్నాళ్లకే గుంటలు పడతాయి. తడి స్పాంజి చాలు. ఐరన్ ఆపేముందు కొసకి కాస్త వైరు పూసి వదిలేయాలి.

సరూర్‌నగర్ అమ్మ:
షాపాయనతో మాట్లాడాను. వైరు మార్చి ఇస్తానన్నాడు, ఐరన్‌కి పైన డబ్బులు కట్టాలట. మావాడు మాత్రం మెకానిక్ అంకుల్ మాటే కరెక్టని అలిగి కూర్చున్నాడు.

కోఠి మెకానిక్:
నా శిష్యుడే! షాపుకి పంపండి, పాత టీవీ బోర్డులు రెండిస్తా. కిట్ ముట్టుకునే ముందు వాటి మీద చేయి తిరగనీయండి.

మల్కాజిగిరి టెస్టర్:
బాబాయ్, లెడ్ వద్దని ఇంతసేపు కొట్టుకున్నాం. ఆ కాలం టీవీ బోర్డుల నిండా ఉన్నది లెడ్డే! ఖాళీ వెరో బోర్డు (కాంపొనెంట్లు గుచ్చే చిల్లుల బోర్డు) ఒకటి, చిల్లర ఖరీదు రెసిస్టర్లు ఓ గుప్పెడు కొనుక్కోమనండి.

కోఠి మెకానిక్:
సరే, వెరో బోర్డే కానివ్వండి. గ్లాస్ ఎపాక్సీది అడగండమ్మా. గోధుమరంగు ఫినోలిక్‌ది ఇస్తే తీసుకోవద్దు, లెడ్ ఫ్రీ వేడికి దాని ప్యాడ్లు ఇట్టే ఊడిపోతాయి.